టార్క్ సరే, ఆ అరుపేదీ?
స్పోర్ట్స్ కార్ల మాట వస్తే చాలు, ఎవరో ఒకరు టార్క్ (ఇంజన్ తిప్పే బలం) అంకెలు పట్టుకొచ్చేస్తారు. సరే బాబూ, టర్బో ఇంజన్, అంటే గాలిని ఒత్తిడితో కుక్కించుకునే ఇంజన్, 2,000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి తిరిగే చుట్లు) దాటగానే వెనక నుంచి తోసినట్టు లాగుతుంది, ఒప్పుకున్నాం కదా! టర్బో లేని ఫెరారీ 458 ఇటాలియా 570 హార్స్‌పవర్ ఇస్తే దాని తర్వాత టర్బోతో వచ్చిన 488 జీటీబీ 670 ఇచ్చింది, అదీ ఇంజన్ 4.5 లీటర్ల నుంచి 3.9కి తగ్గాక. కానీ 458లో ఆర్‌పీఎమ్ సూది 9,000 దాకా ఎక్కేది, 488లో 8,000 దగ్గరే ఆగిపోయింది. నా ఏడుపంతా ఇంజన్ అరిచే ఆ పోయిన వెయ్యి గురించే.

టర్బో లేని హోండా ఎస్2000లో 6,000 దగ్గర వీటెక్ (ఇంజన్ వేగం పెరిగాక వాల్వులను ఇంకా ఎక్కువ తెరిచే ఏర్పాటు) అందుకోగానే ఇంజన్ గొంతే మారిపోతుంది, అక్కడి నుంచి పెడల్ మీద కాలు ఎంత కదిపితే అంత బదులు, ఎక్కువా తక్కువా లేదు. టర్బోలో అలా కాదు, ఎగ్జాస్ట్ వాయువు టర్బైన్‌ని తిప్పాలి, అది కంప్రెసర్‌ని తిప్పి గాలిని లోపలికి కుక్కాలి, అప్పుడు గానీ అసలు లాగుడు మొదలవదు. ఈ ఆలస్యం, అదే ల్యాగ్, ఇప్పుడు బాగా తగ్గిందిలెండి, అబద్ధమెందుకు. ఒళ్లు మండేది ఎక్కడంటే, టర్బైన్ మింగేసిన శబ్దాన్ని తెచ్చి లోపల స్పీకర్లలో వినిపిస్తారు చూడండి, అక్కడ!