సలహాల రిజిస్టరు గారికి

అయ్యా,

కాలనీ సంఘం బీరువాలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మన మెయిన్ రోడ్డు బాగుకోసం జనం చెప్పినవన్నీ మీ కడుపులోనే ఉన్నాయి. రోడ్డు మీద ఒక్కటీ కనిపించకపోవడానికి కారణం అదే.

మొన్నటి మీటింగులో మీ పేజీలు భలే నిండాయి. 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపి జనానికి వదిలేశారు కదా, మన రోడ్డూ అలాగే వదలాలని ఒకాయన రాయించాడు. చప్పట్లు ఆగకముందే, తన కారు మాత్రం గేటు దాకా రానివ్వాలని ఇంకో లైను చేర్పించాడు. చెట్లు కావాలి, కానీ ఎదురింటి వైపు. మా వైపు ఆకులు రాలతాయట. బెంచీలు వేయాలి, కానీ వాటి మీద కుర్రాళ్లు కూర్చోకూడదు.

ఇడ్లీ బండి తీయించాలన్న తీర్మానానికి సంతకాలే సంతకాలు. పొద్దున్నే అక్కడ చట్నీ రెండోసారి అడిగే చేతులే అవి! వీధి వ్యాపారుల సర్వే పూర్తి చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని 2014 చట్టం చెబుతోంది. అది మీలో ఎక్కించే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఇక ఫుట్‌పాత్. రోడ్ల కొలతలు ఎలా ఉండాలో చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఖాళీ ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. మనది మోకాలెత్తు. ఎలాగో ఎక్కితే నాలుగడుగులకో గేటు, గేటుకో ర్యాంపు, ర్యాంపు మీద స్కూటరు, దాని పక్కన తులసి కుండీ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు దిగిపోయి ఆటోల మధ్యే నడుస్తున్నారు. ఎండావానా తగలకుండా నడవమని హైదరాబాద్ చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టీలో దుకాణాల ముందు రాతి కమానులు కట్టించింది నిజాం కాలం నాటి సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. దాన్ని చూసి నేర్చుకుందామని మనవాళ్లూ తీర్మానించారు. ఏసీ బస్సులో వెళ్తారట.

ర్యాంపుల గురించి మాత్రం మీలో ఒక్క అక్షరం లేదు. "మా ర్యాంపు గేటు లోపలికి జరుపుకుంటాం" అనే వాక్యం కోసం ఒక పేజీ ఖాళీగా ఉంచుదురూ అని అడగబోయాను. ఈలోగా సెక్రటరీ గారు మీ పేజీలన్నీ అయిపోయాయని, వచ్చే మీటింగులో మొదటి అంశం కొత్త రిజిస్టరు కొనడమేనని చెప్పారు.

ఇట్లు,
ఆటోల మధ్య నడిచే ఒక కాలనీవాసి