గాడ్జిల్లాకి రిమోట్ గండం

1954 నాటి జపాన్ సినిమాలో గాడ్జిల్లా అనే రాక్షస జంతువు టోక్యో మీద పడ్డప్పుడు ఫిరంగులు పేల్చారు, తీరం పొడుగునా హైటెన్షన్ తీగలు కట్టారు, జెట్ విమానాలు పంపారు. ఒక్కటీ పనిచెయ్యలేదు. అదే గాడ్జిల్లా డిస్కులో కూర్చుని మన హాల్లోకి వస్తే పావుగంటలో పని అయిపోతుంది. ఆయుధం టీపాయ్ మీదే ఉంటుంది. దానికి ప్లాస్టిక్ కవరు తొడిగి, రబ్బరుబ్యాండు వేసి మరీ కాపాడుకుంటూ ఉంటాం.

కూకట్‌పల్లిలో ఒక మూడో అంతస్తు ఫ్లాటు అనుకోండి. ఇంటాయనకి న్యూజెర్సీ బావమరిది ఒక అట్టపెట్టె తెచ్చిచ్చాడు. పాత సినిమాల్ని డిస్కుల మీద వేసే క్రైటీరియన్ కంపెనీ వాళ్లు 2019లో వేసిన సెట్టు అది. 1954 నుంచి 1975 దాకా వచ్చిన 15 గాడ్జిల్లా సినిమాలు, 8 బ్లూరే డిస్కులు, మొత్తం పిల్లల బొమ్మల పుస్తకానికి అన్నయ్యలా ఉంటుంది. చాక్లెట్లు తేలేదేమని ఇంట్లో అందరూ అతన్ని మనసులోనే అడిగారు.

ప్లేయర్లో పెడితే, ఈ డిస్కు ఈ ప్రాంతంలో ఆడదు అని తెర మీద ఒక్క ముక్క వచ్చి ఆగిపోయింది. బ్లూరే వాళ్లు భూగోళాన్ని మూడు ముక్కలు చేశారు. అమెరికా, జపాన్ ఏ ముక్కలో, మనం సి ముక్కలో ఉన్నాం. డీవీడీ రోజుల్లో ముక్కలు ఇంకా ఎక్కువ. జపాన్ 2, అమెరికా 1, మనం 5. కాకపోతే అప్పట్లో చాలా ప్లేయర్లు రిమోట్‌లో ఏదో రహస్య నంబరు నొక్కితే లొంగిపోయేవి. బ్లూరే ప్లేయర్లు అంత తేలిగ్గా లొంగవు. 4కె డిస్కులకైతే ఈ ప్రాంతాల గొడవే లేదు కానీ వాటికి 4కె ప్లేయరే కావాలి. నాలుగు నెలల తర్వాత బావమరిది తన పాత ప్లేయరు కూడా పంపించాడు.

అక్కడి గోడలో 120 వోల్టులు, ఇక్కడ 230. ప్లేయరు వెనక చిన్న అక్షరాల్లో 100–240 అని ఉంటే పిన్ను మార్చుకుంటే చాలు. 120 ఒక్కటే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ప్లేయరు తాగేది పాతిక వాట్లకి అటూ ఇటూ కాబట్టి వంద వాట్లది ధారాళంగా సరిపోతుంది. ఇంటాయన వెనక చూడకుండా గుచ్చేసి ఉంటే ఆ రోజు మొదటి పొగ గాడ్జిల్లా నోట్లోంచి వచ్చేది కాదు. చూశాడు. వ్యాసం ఇంకా చాలా ఉంది కాబట్టి చూశాడు.

శనివారం మధ్యాహ్నం టీవీని సినిమాకి సిద్ధం చేసే కార్యక్రమం పెట్టుకున్నారు. బామ్మగారు సీరియల్ చూస్తుండగానే కొడుకు ఫోన్లో చదవడం, తండ్రి రిమోట్ నొక్కడం. పిక్చర్ మోడ్ వివిడ్ నుంచి సినిమాకి మార్చారు. షార్ప్‌నెస్ బాగా దించేశారు, ఎందుకంటే అది పెంచితే బొమ్మ స్పష్టం కాదు, ప్రతి అంచు చుట్టూ తెల్లగీత మొలుస్తుంది. నాయిస్ రిడక్షన్ ఆఫ్. మోషన్ స్మూతింగ్ ఆఫ్. దీనికి ఒక్కో కంపెనీ ఒక్కో ముద్దుపేరు పెట్టుకుంది, మెనూలో మోషన్ అనే మాట ఎక్కడ కనపడితే అక్కడ అనుమానించడమే. ఓవర్‌స్కాన్ ఆఫ్, లేకపోతే టీవీ నాలుగు వైపులా అంచులు కొరుక్కు తింటుంది. స్క్రీన్ సైజు ఒరిజినల్.

"ఒరేయ్, ఆ పెట్టెలు తియ్యరా, కోడలి ఏడుపు కనపడట్లేదు" అంది బామ్మగారు. పెట్టెలు పోయాక, "చీర జరీ మెరుపు తగ్గిందేంట్రా?" అని కూడా అంది.

"సినిమా కోసమమ్మా."

సాయంత్రం 1954 నాటి మొదటి సినిమా పెట్టారు. నలుపు తెలుపు, 1.37:1 బొమ్మ, అంటే ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37. 43 అంగుళాల టీవీలో అటు నాలుగంగుళాల పైచిలుకు, ఇటు నాలుగంగుళాల పైచిలుకు నలుపు మిగులుతుంది. బామ్మగారి దృష్టిలో అది దొంగతనం. "ఇంత డబ్బు పోసి కొంటే పక్కలు ఖాళీగా వదిలేశాడేంట్రా?" తల్లి మాట కాదనలేక ఇంటాయన జూమ్ నొక్కాడు. పక్కలు నిండాయి. నిండిన మేరకు బొమ్మ ఎత్తులో దాదాపు నాలుగో వంతు పోయింది, సగం పైనుంచి, సగం కిందనుంచి. సరిగ్గా అప్పుడే ఓడో దీవి కొండ వెనకనుంచి గాడ్జిల్లా తొలిసారి తల ఎత్తింది. ఊరివాళ్లంతా పైకి చూసి పరుగెడుతున్నారు. ఎందుకో మనకి తెలియదు, ఎత్తిన తల టీవీ ఫ్రేము అవతల ఉంది. వాళ్లు ఏమని అరుస్తున్నారో కూడా తెలియదు, సబ్‌టైటిళ్లు స్టాండు కిందకి దిగిపోయాయి.

జూమ్ కన్నా సాగదీయడం నయమనుకునేవాళ్లు ఉన్నారు. పాత డీవీడీని అలా సాగదీస్తే ప్రతిదీ ముప్ఫై శాతం లావెక్కుతుంది. టోక్యోని తొక్కడానికి కాకుండా వరసగా మూడు పెళ్లిభోజనాలు ముగించుకుని వస్తున్నట్టుంటుంది నడక.

జూమ్ తీసేశారు. ఇప్పుడు తలా తోకా ఉన్నాయి కానీ మొహాలు మైనపుబొమ్మల్లా ఉన్నాయి, కదలిక చూస్తే సీరియల్లా ఉంది. "అన్నీ ఆఫ్ చేశాం కదా నాన్నా" అన్నాడు కొడుకు. "చేశాం. డిస్కే బాగోలేదు" అని ఇంటాయన తీర్పు చెప్పేశాడు.

నిజానికి అది టీవీ పనే. పాత సినిమాల్లో ఇసక చల్లినట్టు కనపడే గ్రెయిన్ ఫిల్ము మీద పడిన దుమ్ము కాదు, ఫిల్ములోని వెండి రేణువుల అచ్చు. బొమ్మ ఉన్నదే అందులో. నాయిస్ రిడక్షన్‌కి ఆ తేడా తెలియదు. గాడ్జిల్లా బిల్డింగు కూల్చినప్పుడు లేచే సిమెంటు ధూళి, తుఫాను చినుకులు, ముసలి ప్రొఫెసర్ మొహం మీద ముడతలు, అన్నీ దానికి చెత్తే. ఊడ్చేస్తుంది. డిస్కు తయారుచేసేవాళ్లే స్టూడియోలో ఒకసారి ఊడ్చిన సందర్భాలూ ఉన్నాయి. దాని మీద టీవీ మళ్లీ ఊడిస్తే మిగిలేది అలికిన గోడ.

మోషన్ స్మూతింగ్ చేసేది ఇంకో రకం ద్రోహం. మొదటి సినిమా కోసం చేసిన సూటు బరువు దాదాపు వంద కిలోలు. లోపల హరువో నకజిమా అనే నటుడు చెమటలు కక్కుతూ నడిచాడు. ఎంత బరువైనా మనిషి నడక మనిషి నడకే కాబట్టి ట్రిక్కుల దర్శకుడు ఎయిజి త్సుబురాయా కెమెరాని మామూలు 24 ఫ్రేముల బదులు అంతకు రెండింతలు, మూడింతల వేగంతో తిప్పించేవాడు. తెర మీద 24తో ఆడించేసరికి అడుగు నిదానంగా, బరువుగా పడుతుంది. ఆ నిదానంలోనే యాభై మీటర్ల ఎత్తు పుడుతుంది. మన టీవీ ఏం చేస్తుందంటే, ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య లేని బొమ్మల్ని తనే ఊహించి గీసి కుక్కుతుంది. యాభై మీటర్ల జంతువు పోయి, రబ్బరు తొడుక్కున్న మనిషి బొమ్మరిళ్ల మధ్య జాగ్రత్తగా అడుగులేస్తూ కనపడతాడు.

మన దేశంలో నడిచిన పాల్ అనే టీవీ పద్ధతిలో పాత వీడియో టేపులు చూసినవాళ్లకి ఇంకో అన్యాయం జరిగేది. పాల్ పద్ధతిలో సెకనుకి 25 ఫ్రేములు కాబట్టి సినిమా నాలుగు శాతం తొందరగా పరుగెత్తేది. 96 నిమిషాలది 92లో అయిపోయేది. శ్రుతి కూడా కొంచెం పెరిగేది. డబుల్ బేస్ అనే పెద్ద వాయిద్యం తీగని వదులు చేసి, జిగురు పూసిన తోలు గ్లవ్‌తో రుద్ది సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే తీసిన ఆ గర్జన మన టేపుల్లో జలుబు తగ్గిన గొంతులా పలికేది.

పిల్లవాడి కోరిక మీద రెండో ఆట మొదలైంది: 1962 నాటి కింగ్ కాంగ్, గాడ్జిల్లాల కుస్తీ. టోహో స్టూడియో వాళ్ల వెడల్పు తెర పద్ధతి టోహోస్కోప్, 2.35:1 వెడల్పు. ఈసారి పైనా కిందా రెండున్నర అంగుళాల చొప్పున నలుపు. బామ్మగారు నోరు తెరిచేలోగా కోడలు రిమోట్ తీసి కుషన్ కింద పెట్టింది. ఆ ఇంట్లో సినిమా గురించి తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

వీడియో టేపుల కాలంలో అయితే ఈ వెడల్పుని చదరపు టీవీలో ఇరికించడానికి బొమ్మలో 43 శాతం కోసి పారేసేవాళ్లు. ఎడమ చివర కాంగ్, కుడి చివర గాడ్జిల్లా ఉంటే ఎవరో ఒకరే కనపడాలి. బండరాయి ఒకటి గాల్లోంచి వచ్చి తగిలేది. ఎవరు విసిరారన్నది కాసేపటికి తెలిసేది. బొమ్మ మధ్యభాగం చూపిస్తే ఇద్దరూ లేని మైదానం, అటో తోక, ఇటో మోచెయ్యి.

ఈ సెట్టులో ఆ సినిమా తాలూకు అమెరికన్ కూర్పు అసలు వరసలో ఉంటుంది. జపాన్ కూర్పు కావాలంటే చివరి డిస్కులో, అదనపు సరుకు దగ్గర వెతుక్కోవాలి. దాని జాతకమే అంత. 1970లో సెలవుల్లో పిల్లల కోసం వేసే ఉత్సవానికని దర్శకుడు ఇషిరో హోండా 97 నిమిషాల సినిమాని 74కి కుదించాడు. కుదించడం తప్పు కాదు. కత్తెర వేసింది కాపీకి కాదు, అసలు నెగెటివ్‌కే. తీసేసిన ముక్కలు కనపడకుండా పోయాయి. కల్యాణ మంటపంలో చెప్పుల్లా. తర్వాత పూర్తి సినిమా అమ్మాల్సి వచ్చినప్పుడు ఆ ఖాళీల్లో 16 మిల్లీమీటర్ల ప్రింటు ముక్కలు అతికారు. మాట్లాడుతున్న మనిషి ఒక వాక్యం ఎండలో, తర్వాతి వాక్యం గోధుమరంగు పొగమంచులో. ఎన్నో ఏళ్ల తర్వాత పోయిన రీళ్లు దొరికాయి, 2016లో 4కెలో మొత్తం సినిమాని మళ్లీ నిలబెట్టారు. నెగెటివ్ దగ్గర కాపీ చేసుకునే ఓపిక లేకపోతే ఎంత ఖర్చు అవుతుందో దీన్ని చూసి లెక్క కట్టుకోవచ్చు.

సినిమా సగమయ్యేసరికి బామ్మగారు ఒక విద్య నేర్చేసింది. "ఇసక రాలుతోందిరా, వచ్చేస్తోంది చూడు" అనేది. అన్న రెండు సెకన్లకి రాక్షసుడు వచ్చేవాడు. మాయ ఏమీ లేదు. పరుగెత్తే జనాన్నీ వెనకాల గాడ్జిల్లానీ ఒకే ఫ్రేములో చూపించాలంటే రెండు వేరువేరు ఫిల్ములని ఆప్టికల్ ప్రింటర్లో కలిపి మూడోదాని మీద అచ్చు వెయ్యాలి. కాపీకి కాపీ. ఆ షాటు మొదలవగానే గ్రెయిన్ ఒక్కసారిగా పెరుగుతుంది, నాయిస్ రిడక్షన్ మింగగా మిగిలింది కూడా కనపడేంత. బొమ్మ నాణ్యత పడిపోవడమే ఇక్కడ రాక్షసుడి డప్పు.

ఆఖరికి 1964 నాటి మూడు తలల కింగ్ గిడోరాని ఒక్క పది నిమిషాలు చూద్దామన్నారు. మూడు మెడలు, రెండు రెక్కలు, రెండు తోకలు, వేటికవే పైనుంచి తీగలతో ఆడించాలి. పాత టేపుకి అడ్డంగా రెండువందల నలభై గీతల స్పష్టతే ఉండేది కాబట్టి తీగలు వాటంతటవే మాయమయ్యేవి. బ్లూరే వచ్చి తోలుబొమ్మలాట తెర ఎత్తేసినట్టు చేసింది. కొడుకు తీగలు లెక్కపెట్టాడు. ఎనిమిదో దగ్గర నవ్వొచ్చి వదిలేశాడు. తీగలని కంప్యూటర్లో తుడిచెయ్యాలా వద్దా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. తుడవకూడదు. పైన చట్రం మీద చెమటోడుస్తూ ఏడు అవయవాల్ని ఒకే తాళంలో ఆడించినవాళ్ల పనితనానికి సంతకం అదొక్కటే.

"ఈ సెట్టులో ప్రింట్లన్నీ చెత్త" అని ఇంటాయన న్యూజెర్సీకి వాయిస్ మెసేజ్ పెట్టి పడుకున్నాడు.

సోమవారం రాత్రి సీరియల్ టైములో బామ్మగారు పిలిచింది. "ఒరేయ్, మీరు ఏదో చేసిన దగ్గర్నుంచీ అత్తా కోడళ్లు మెత్తగా, గౌరవంగా కనపడుతున్నారు. జరీ మెరవట్లేదు. ఏడిస్తే నిజంగా ఏడ్చినట్టుంది. ఏం బాగోలేదు, పాతలాగే చెయ్యి."

కొడుకు మెనూ తెరిచాడు. పిక్చర్ మోడ్ సినిమా, నాయిస్ రిడక్షన్ ఆఫ్, మోషన్ స్మూతింగ్ ఆఫ్, శనివారం చేసినవన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పైన మూలన చిన్న అక్షరాల్లో హెచ్‌డీఎంఐ 1 అని ఉంది. చాలా టీవీలు ఒక్కో ఇన్‌పుట్‌కి ఒక్కో సెట్టింగు దాచుకుంటాయి. సెట్‌టాప్ బాక్సు ఉన్నది 1లో.

ప్లేయరు ఉన్నది 2లో.