సవరణ: ఎన్వ్‌ఫిల్టర్‌ను ఎక్కడ తగిలించాలి

రస్ట్ భాషలో లాగులు రాసే 'ట్రేసింగ్' లైబ్రరీ మీద ఇంతకుముందు పెట్టిన పోస్టులో, రిజిస్ట్రీకి (లేయర్లన్నీ తగిలించే మూల సబ్‌స్క్రైబర్, అంటే లాగులను అందుకునే భాగం) ఎన్వ్‌ఫిల్టర్‌ను (ఏ లాగులు ఉంచాలో తేల్చే వడపోత) 'విత్'తో కలిపితే డీబగ్ ఈవెంట్లు (డీబగ్ స్థాయి లాగ్ లైన్లు) కన్సోల్‌కు మాత్రమే రాకుండా ఆగుతాయని, జేసన్ ఫైల్లోకి అన్నీ వెళ్తాయని ఉంది. అది సరికాదు. అలా కలిపిన ఫిల్టర్ మొత్తం సబ్‌స్క్రైబర్‌కు వర్తిస్తుంది. అది వద్దన్న ఈవెంట్ ఏ లేయర్‌కూ, అంటే కన్సోల్, ఫైల్ లాంటి ఏ అవుట్‌పుట్‌కూ, చేరదు. వరుస మార్చినా ఫలితం అదే. కన్సోల్‌కే పరిమితం కావాలంటే ఆ లేయర్ మీదే 'విత్_ఫిల్టర్' పిలవాలి.

ఇంకో చిక్కుంది, ఇది మరీ ప్రమాదం. ఫిల్టర్ స్పాన్‌లను (ఒక పని మొదలు నుంచి ముగింపు దాకా దాని వివరాలు మోసే చుట్టు) కూడా వడకడుతుంది. 'ఇన్‌స్ట్రుమెంట్' అనే గుర్తు పెట్టిన ఫంక్షన్ స్పాన్ స్థాయి, వేరే చెప్పకపోతే, ఇన్ఫో. కన్సోల్‌ను అంతకన్నా తీవ్రమైన వార్న్ స్థాయికి పెడితే ఆ స్పాన్ రాలిపోతుంది. ఎర్రర్ లైన్ వస్తుంది కానీ అందులో ఆర్డర్ ఐడీ, యూజర్ ఐడీ ఉండవు. అర్ధరాత్రి సర్వీసు పడిపోయినప్పుడు కావాల్సింది సరిగ్గా అవే! అందుకే ఆ వివరాలు మోసే స్పాన్‌కు 'లెవల్'ను ఎర్రర్ అని రాయండి.

క్రేట్ (రస్ట్ ప్యాకేజీ) పేరులో హైఫన్ ఉంటే, ఫిల్టర్ నియమాలు రాసే రస్ట్_లాగ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో దాన్ని అండర్‌స్కోర్‌గా రాయాలి. లేకపోతే ఆ నియమం దేనికీ తగలదు. 'రిలీజ్_మ్యాక్స్_లెవల్_ఇన్ఫో' ఫీచర్‌తో కట్టిన రిలీజ్ బిల్డ్‌లో మాత్రం డీబగ్ ఈవెంట్లు కంపైల్ దశలోనే పోతాయి, ఏ ఫిల్టరూ వాటిని తిరిగి తేలేదు.