యాప్ పచ్చగా ఉందని ఆఖరి వాయిదా కట్టేయకండి

మాది విశాఖ ఎంవీపీ కాలనీ. రెండు నెలల క్రితం డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. 540 వాట్ల ప్యానెళ్ళు ఆరు. నెట్ మీటర్ బిగించారు, పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78,000 ఖాతాలో పడింది, యాప్‌లో రోజుకి 12 యూనిట్ల దాకా కనిపిస్తోంది. అంతా బాగుందనే అనుకున్నాం.

స్టీల్ ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరైన మా మావయ్య పోయిన ఆదివారం భోజనానికొచ్చారు. డాబా ఎక్కి చూసి, "వోల్టేజీ కొలిచి చూపించారేటి అల్లుడూ?" అని అడిగారు. మాకెవరూ చూపించలేదు.

ఇన్వర్టర్ ఆపి, ప్యానెళ్ళ కరెంటు ఆపే స్విచ్చి (డీసీ ఐసొలేటర్) దించి, ఆయనే ఒక్కో ప్యానెల్‌కీ మీటర్ పెట్టారు. వెనక లేబుల్ మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ, అంటే దేనికీ కలపకుండా కొలిస్తే వచ్చేది, 49.5 అని ఉంది. అది సెల్ 25 డిగ్రీల దగ్గరున్నప్పటి లెక్క. ఎండకి కాగేకొద్దీ వోల్టేజీ తగ్గుతుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం 44, 45 వస్తే సరిపోయినట్టే. ఐదింటికి అలాగే వచ్చింది. ఆరోది 30 దగ్గర ఆగిపోయింది. నీడ కూడా లేదు. మావయ్య ప్రోబులు తుడిచి మళ్ళీ పెట్టారు. మళ్ళీ 30.

ప్యానెల్ లోపల సెల్స్ మూడు భాగాలుగా ఉంటాయి, భాగానికో బైపాస్ డయోడ్, అంటే ఆ భాగం మొరాయిస్తే కరెంటుని పక్కదారి పట్టించేది. డయోడ్ షార్ట్ అయిందంటే ఆ మూడో వంతు పనిచేయనట్టే, 45 కాస్తా 30 అవుతుంది. ఆరు ప్యానెళ్ళ మీద చూస్తే మొత్తంలో 18వ వంతు, రోజుకి అర యూనిట్ పైమాటే. అంత చిన్న తేడా యాప్ చూసి ఎవరు పట్టగలరు? ఇవాళ మబ్బు పట్టిందనుకుంటాం, దుమ్ము పేరుకుందనుకుంటాం. అలా అనుకుంటూనే పాతికేళ్ళు గడిచిపోతాయి.

బిగించినవాళ్ళకి ఫోన్ చేస్తే "జనరేషన్ వస్తోంది కదా సార్" అన్నారు. నాకు ఒళ్ళు మండింది ఆ మాటకే. దాదాపు రెండు లక్షలు పోసి కొన్న వస్తువు. తులం బంగారం కొంటే తూకం మన కళ్ళముందే వేయించుకుంటాం. దీనికి మాత్రం "వస్తోంది కదా" అంటే సరిపోతుందా?

తప్పు నాదీ ఉంది. బిగించే రోజు ఓ కుర్రాడు చెప్పులతో ప్యానెల్ మీద నిలబడి బోల్టు తిప్పుతుంటే చూస్తూ ఊరుకున్నాను. అద్దం పగల్లేదు కదా అనుకున్నాను. అద్దం చెక్కుచెదరకపోయినా కింద సెల్స్‌లో సన్నటి పగుళ్ళు రావచ్చట. అవి కంటికి కనబడవు, ఈఎల్ ఫోటో (చీకట్లో ప్యానెల్‌కి కరెంటిచ్చి ప్రత్యేక కెమెరాతో తీసేది) తీస్తేనే తెలుస్తాయి. కనీసం థర్మల్ కెమెరా పెడితే, ఎక్కువ వేడెక్కే సెల్ ఏదైనా ఉంటే బయటపడుతుంది.

ఇంకోటి, మనది విశాఖ. ఉప్పుగాలికి గేట్లే తుప్పు పట్టే ఊరు. రెండు నెలలకే మా ఫ్రేమ్ బోల్టుల చుట్టూ ఎర్రటి పొడి రాలుతోంది. ఓ చివరి క్లాంపు ప్యానెల్ అంచుని గోరంత మాత్రమే పట్టుకుని ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ గాలి చూసినవాళ్ళెవరూ ఆ క్లాంపుని అలా వదిలేయరు.

అందుకే చెబుతున్నాను. సీరియల్ నంబర్లు వారంటీ కార్డుతో సరిచూసుకోండి. మా కార్డులో ఉన్న నంబర్లలో ఒకటి అసలు డాబా మీదే లేదు! ఫ్లాష్ టెస్ట్ రిపోర్టు (ఫ్యాక్టరీలో ప్యానెల్ పవర్ కొలిచిన కాగితం) అడిగి తీసుకోండి. ఎర్త్ పిట్ రీడింగు (ఎర్తింగ్ ఎంత బాగుందో చెప్పేది), ప్రతి ప్యానెల్ వోల్టేజీ కాగితం మీద రాయించుకోండి. మీ అంతట మీరు ప్యానెళ్ళ వైర్లు కలిపే కనెక్టర్లు మాత్రం ముట్టుకోవద్దు. మాకు ఆరు ప్యానెళ్ళు వరసలో కలిస్తేనే 250 వోల్టుల పైన డీసీ. కరెంటు పారుతుండగా ఊడదీస్తే నిప్పు లేస్తుంది. తెలిసినవాళ్ళతోనే చేయించండి.

ప్యానెల్ మారుస్తామని నిన్న సాయంత్రం ఒప్పుకున్నారు. బోల్టులు స్టెయిన్‌లెస్‌వి వేయమన్నాను, మీటర్ మావయ్య ముందు పెట్టమన్నాను. రీడింగులు రాసి సంతకం పెట్టి ఇచ్చాకే మిగిలిన ఇరవై వేలు ఇస్తాను.