తాండవ దాటితే విశాఖ, ఉప్పుటేరు దాటితే బెజవాడ

తూర్పుగోదావరి జిల్లా ఉండ్రాజవరం రైతుకు ఎరువుల కట్ట కావాలన్నా, పిల్ల పెళ్లికి పట్టుచీర కావాలన్నా, పుచ్చిన పన్ను పీకించుకోవాలన్నా తణుకే దిక్కు. బండి మీద కాస్త దూరం, అంతే. కానీ ఒక్కో పెద్ద నగరం చుట్టూ కొన్ని జిల్లాలను కలిపి ప్రభుత్వం గీసిన ఆర్థిక ప్రాంతాల పటంలో ఈ రైతు ఇప్పుడు విశాఖ ఆర్థిక ప్రాంతం మనిషి. పశ్చిమగోదావరిలోని తణుకేమో అమరావతి వైపు ఉండిపోయింది.

ఇదెలా జరిగిందో అందరికీ తెలిసిందే. విశాఖ ఆర్థిక ప్రాంతంలోకి ఉత్తరాంధ్రతో పాటు కాకినాడ, తూర్పుగోదావరి, కోనసీమ జిల్లాలనూ చేర్చారు. పశ్చిమగోదావరి, ఏలూరు అందులో లేవు. రెండు మహానగరాల ప్రాంతాల మధ్య హద్దు ఎక్కడో కొండల్లోనో, బీడుభూముల్లోనో పడితే ఎవరికీ పట్టేది కాదు. అది సరిగ్గా గోదావరి డెల్టా నడుం మీద పడింది.

ఆ హద్దు పుట్టుక చూడండి. 2008 నియోజకవర్గాల పునర్విభజనలో ఓటర్ల సంఖ్య సరిపెట్టడానికి రాజమండ్రి, నరసాపురం లోక్‌సభ స్థానాల మధ్య ఒక గీత గీశారు. 2022 ఏప్రిల్‌లో లోక్‌సభ స్థానాల లెక్కన కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఆ గీతే జిల్లా హద్దయింది. గోదావరికి పడమటి ఒడ్డున ఉన్న కొవ్వూరు, నిడదవోలు తూర్పుగోదావరి అయ్యాయి. సముద్రమే లేని జిల్లాకు తూర్పుగోదావరి అన్న పేరు మిగిలింది. ఇప్పుడు ఆ గీత మూడో ఉద్యోగంలో చేరింది: విశాఖ ఎక్కడ ఆగాలో, అమరావతి ఎక్కడ మొదలవ్వాలో అదే చెబుతోంది. పోలింగ్ బూత్‌ల కోసం గీసిన గీతను పెట్టుబడుల పటంగా వాడుకోవడాన్ని ప్రణాళిక అనరు, బద్ధకం అంటారు.

నా లెక్కలో విశాఖ ప్రాంతం తాండవ నది దగ్గర ఆగుతుంది. ఒడ్డుకు అటు పాయకరావుపేట, ఇటు తుని. ఇటు దక్షిణాన బెజవాడ ప్రాంతం, అంటే అమరావతి వైపుది, ఉప్పుటేరుకు అవతలే ఆగుతుంది. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఆ ఏరే కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాలకు పాత హద్దు. కైకలూరు ఇప్పుడు ఏలూరు జిల్లాలోకి వచ్చింది కదా అంటారా? వచ్చింది. జిల్లా మారినంత మాత్రాన ఏరు ఎక్కడికీ పోదు. కావాలంటే ఇంకో గుర్తు చెబుతాను. బెజవాడ నుంచి వచ్చే కృష్ణా కాలువ, దవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే గోదావరి కాలువ ఏలూరులో కలుస్తాయి. రెండు డెల్టాలు చేతులు కలిపే చోటు అది. ఈ రెండు హద్దుల మధ్య ఉన్నది విశాఖ శివారూ కాదు, అమరావతి శివారూ కాదు. అది ఒక ప్రాంతం.

దాన్ని ప్రాంతంగా చేసింది నీరు. 1847లో మొదలై 1852కి పూర్తయిన ఆర్థర్ కాటన్ దవళేశ్వరం ఆనకట్టకు ముందు ఈ నేల అతివృష్టికీ అనావృష్టికీ మధ్య నలిగింది. ఆనకట్ట వచ్చాక తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ ఒకే కుండలో నీళ్లు తాగడం మొదలుపెట్టాయి. ఇప్పటికీ అంతే. రబీలో దవళేశ్వరం దగ్గర నీటిమట్టం పడిపోతే అమలాపురం రైతుకూ భీమవరం రైతుకూ ఒకే టెన్షన్. ఎగువన సీలేరు జలాశయాల నీళ్లు ఎప్పుడు వదులుతారు, వంతులవారీ తడులు ఎప్పటి నుంచి అన్నదే రెండు ఒడ్డుల్లోనూ మాట.

నీళ్లు ఇవ్వడం కన్నా తీయడం కష్టం. ఎర్రకాలువనే తీసుకోండి. జంగారెడ్డిగూడెం దగ్గర కొంగువారిగూడెం జలాశయం నుంచి కిందికి వస్తుంది. అది ఏలూరు జిల్లా. నిడదవోలు మండలం పొలాలను ముంచుతుంది. అది తూర్పుగోదావరి. నందమూరు అక్విడక్టు (కాలువను ఏటి మీదుగా దాటించే కట్టడం) దాటి, యనమదుర్రు డ్రెయిన్‌గా, అంటే పొలాల మురుగునీరు తీసే కాలువగా మారి, భీమవరం ఊరి మధ్య నుంచి సముద్రానికి పోతుంది. అది పశ్చిమగోదావరి. కొత్త పటం ప్రకారం ఈ వరద అమరావతి వైపు పుట్టి, విశాఖలోకి వచ్చి, మళ్లీ అమరావతి వైపు వెళ్లిపోతుంది. 2024 జులైలో ఎర్రకాలువ పొంగి నాట్లు మునిగినప్పుడు ఈ జిల్లా ఏది, ఆ జిల్లా ఏది అని నీళ్లు చూసుకోలేదు. రేపు ఈ డ్రెయిన్‌కు డబ్బు ఏ ప్రాంతం పద్దులో రాస్తారు? పైవాడు పూడిక తీసి కిందివాడు తీయకపోతే ముంపు ఒక ఊరి నుంచి పక్క ఊరికి మారుతుంది, అంతే.

ఎదుటివారి వాదన ఏమిటో తెలుసు. పెట్టుబడి పెద్ద నగరాన్ని చూసి వస్తుంది, విశాఖకు ఓడరేవు ఉంది, విమానాశ్రయం ఉంది, ఐటీ వస్తోంది, దాని నీడలో ఉంటే మనకే లాభం అంటారు. అయినా ఇది కాగితం మీద ప్రాంతమే కదా, ఎవరి బస్సూ ఆగదు అని కూడా అంటారు. బస్సు ఆగదు, నిజమే. కానీ నిధుల కాగితం ఏ కార్యాలయానికి వెళ్లాలో ఆ కాగితమే చెబుతుంది. ఇక నీడ సంగతి. పెద్ద చెట్టు కింద వరి పండదని మాకు వేరే చెప్పక్కర్లేదు.

అసలు జబ్బు ఇంకోటి ఉంది. ప్రతి ప్రాంతానికీ ఒక మహానగరం తలకాయగా ఉండాలన్న పిచ్చి మన పాలకులకు పట్టుకుంది. 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం నాలుగేళ్లకే విశాఖలోని వాల్తేరు చేరింది. మధ్యలో రాజమండ్రి మీదుగానే వెళ్లి ఉంటుంది! అప్పటి నుంచీ మా కథ ఇదే, రెండు నగరాల మధ్య రైలు కిటికీలోంచి కనిపించే పచ్చదనం. డెల్టాకు మహానగరం లేదు. రాజమండ్రి, కాకినాడ, ఏలూరు, భీమవరం, తణుకు, తాడేపల్లిగూడెం, పాలకొల్లు, అమలాపురం, మండపేట, రావులపాలెం ఉన్నాయి. ఏ పల్లె నుంచి బయల్దేరినా గంటలోపు ఏదో ఒక పట్నం తగులుతుంది. ఒక ఊళ్లో బియ్యం మిల్లులు, ఒక ఊళ్లో రొయ్యల వ్యాపారం, ఒకచోట కొబ్బరి, ఇంకోచోట కోళ్లు. ఇంత చక్కగా పరుచుకున్న పట్నాల వ్యవస్థ ఉంటే దాన్ని బలపరచాల్సింది పోయి, సగాన్ని ఒక నగరానికీ సగాన్ని ఇంకో నగరానికీ తోకగా కట్టడం ఏం తెలివి?

కాకినాడ నుంచి ఏలూరు దాకా ఐదు జిల్లాలనూ కలిపి ఒకే ప్రణాళిక ప్రాంతంగా ప్రకటించాలి. కేంద్రం ఎక్కడ అన్న తగువు వద్దు, దవళేశ్వరంలో పెట్టండి, నీళ్ల లెక్క చూసే ఇంజినీర్లు ఎలాగూ అక్కడే ఉన్నారు. మొదటి పద్దు డ్రెయిన్లది కావాలి. కోనసీమలో శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు ఎక్కి మోడులైపోయిన కొబ్బరి చెట్లు దేనికోసం ఎదురుచూస్తున్నాయో ఒకసారి వెళ్లి చూడండి.

రెండో పద్దు కోనసీమకూ పశ్చిమగోదావరికీ మధ్య పారే గోదావరి పాయ వశిష్ఠ మీద వంతెనది. కోనసీమకు రైలు లేదు. రాజోలు, మలికిపురం వాళ్లు చించినాడ వంతెన దాటి పాలకొల్లులో రైలెక్కుతారు. సఖినేటిపల్లి వాళ్లకు ఆ వంతెన చుట్టుదారి. అందుకే రేవులో బైకు, కూరగాయల బుట్ట, చంటిపిల్ల సహా నది దాటించే పంటు ఎక్కి నరసాపురంలో దిగుతారు. కొత్త లెక్కలో అది విశాఖ ప్రాంతం నుంచి అమరావతి వైపు ప్రయాణం. రెండు మహానగరాలూ ఒకదానికొకటి ఎదురుగా కనిపించే ఈ రేవులో వంతెన మాత్రం ఇంకా కట్టలేదు.