బకాయికి గడువు, జాప్యానికి వడ్డీ

1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఉద్యోగుల కోసం కర్నూలులో వెలసిన నివాసాలే నేటి ఏ, బి, సి క్యాంపులు. రాజధాని తరలిపోయినా ఊరి బతుకులో ఉద్యోగం మిగిలింది. విశ్రాంత ఉపాధ్యాయులు, రెవెన్యూ, నీటిపారుదల శాఖల సిబ్బంది ఎందరో ఇక్కడే స్థిరపడ్డారు. కరవు భత్యం బకాయిల కోసం, ఆసుపత్రి బిల్లుల కోసం ఈ వయసులో వారిని కాళ్లరిగేలా తిప్పడం అన్యాయం.

పింఛను పాలకుల దయ మీద ఆధారపడినది కాదని విశ్రాంత ఉద్యోగి డి.ఎస్. నకారా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న తేల్చి చెప్పింది. ఏటా ఆ రోజునే పింఛనుదారుల దినోత్సవం జరుపుకుంటున్నాం. అయినా 2022లో మన రాష్ట్ర ప్రభుత్వం చేసిన వేతన సవరణలో ఏం జరిగింది? 70 ఏళ్లు నిండినవారికి ఇచ్చే 10 శాతం అదనపు పింఛనును తొలుత ఎత్తివేశారు. ఆందోళన చేశాక 7 శాతం దక్కింది. 75 ఏళ్లవారికి 15 శాతం కాస్తా 12 అయింది. మందుల ఖర్చు పెరిగే వయసులోనే చేతికొచ్చేది తగ్గించడం ఏ లెక్క?

ఖజానా ఇబ్బందులు మాకు తెలియనివి కావు. కానీ గుత్తేదారు బిల్లుతో పాటు 80 ఏళ్ల వృద్ధుడి బిల్లునూ ఒకే వరుసలో నిలబెడితే ఎలా? గుత్తేదారు ఆగగలడు. సర్వీసులో ఉన్నవారు సమ్మె నోటీసైనా ఇవ్వగలరు. వైద్యం కోసం హైదరాబాదు బస్సెక్కి, అప్పు తెచ్చి ఆసుపత్రిలో కట్టిన పెద్దాయనకు అంత వ్యవధి లేదు. ఆయన పోయాక వచ్చే సొమ్ము కోసం ఆయన భార్య మళ్లీ ధ్రువపత్రాలు పట్టుకుని కార్యాలయాలు తిరగాలి.

జాప్యానికి వెల కట్టవచ్చని న్యాయస్థానమే చూపింది. కరోనా వేళ 2020లో వాయిదా వేసిన జీతాలు, పింఛన్లపై 6 శాతం వడ్డీ చెల్లించాలని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మన రాష్ట్రాన్ని ఆదేశించింది. అందుకోసం ఒక విశ్రాంత న్యాయాధికారి కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. అందరికీ ఆ స్తోమత ఉండదు.

ట్రెజరీకి చేరిన ప్రతి బకాయి బిల్లుకూ చెల్లింపు గడువు పెట్టాలి. గడువు దాటితే ఎవరూ అడగకుండానే వడ్డీ జమ కావాలి. ఆసుపత్రి బిల్లులు, 80 ఏళ్లు దాటినవారివి, కుటుంబ పింఛనుదారులవి ముందు వరుసలో ఉండాలి. రాబోయే బడ్జెట్లోనే ఇందుకు విడిగా నిధి కేటాయించాలని మేము కోరుతున్నాము.