హోలిస్టిక్ రివ్యూ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ హోలిస్టిక్ రివ్యూ గారికి,

మార్కులే కాక పిల్లల్ని అన్ని వైపులా తూచి సీటిచ్చే అమెరికా యూనివర్సిటీల పద్ధతి కదా తమరు! మొన్న శనివారం మధ్యాహ్నమంతా అలాంటి ఓ యూనివర్సిటీ ఇన్ఫర్మేషన్ సెషన్‌లో కూర్చుని తమరి మహిమలు విని వచ్చాం. ఏ యూనివర్సిటీయో చెప్పను లెండి. వందమంది అడిగితే ఐదుగురికి కూడా సీటివ్వని చోటు. అక్కడి ఆఫీసరమ్మ నవ్వుతూ సెలవిచ్చింది: "అన్నిట్లో కాస్త కాస్త వచ్చే పిల్లల కోసం మేం వెతకడం లేదండీ. ఒక్కదాంట్లో లోతుగా దిగినవాళ్లు కావాలి. అలాంటివాళ్లందరూ కలిస్తే క్లాసే ఆల్‌రౌండర్ అవుతుంది."

పక్కన మా అమ్మాయి ముఖం చూడాలి. తమరి పేరు చెప్పే కదా దాన్ని ఈతకీ, వయోలాకీ, డిబేట్‌కీ, ఫుడ్ బ్యాంకుకీ తిప్పింది! మార్కులొక్కటే చాలవు, అన్నీ ఉండాలని ఇన్నాళ్లూ ఊదరగొట్టింది తమరి తరఫువాళ్లే.

పోనీ లోతున్నవాళ్లయినా సుఖపడ్డారా? ముందు వరసలో ఒకాయన లేచి, మావాడు ఆరో క్లాసు నుంచి లెక్కలు తప్ప ఇంకో లోకం ఎరగడండీ అన్నాడు, కాస్త గర్వంగానే. ఆవిడ అదే నవ్వుతో, "మరి నలుగురితో కలిసి పనిచేసే అలవాటు ఎక్కడ కనిపిస్తుంది?" అంది. పాపం ఆయన కూర్చున్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఇంటికొచ్చి పిల్ల కామన్ యాప్, అదే చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు పెట్టే ఆన్‌లైన్ ఫారం, తెరిచింది. చేసిన పనులకు 10 గడులు. ఒక్కోదాని వివరానికి 150 అక్షరాలు, ఖాళీలతో సహా. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు, ఆ లెక్క వేరే. లైబ్రరీలో చిన్నపిల్లలకు చదవడం నేర్పిన సంగతి అందులో కుక్కుతోంది. ముందు "ప్రతి శనివారం" తీసేసింది, తర్వాత "ఓపికగా". చివరికి పిల్లలు కూడా ఎగిరిపోయి గంటలు మాత్రం మిగిలాయి.

అసలు కిటుకు నాకిప్పుడు తెలిసింది. మీ ఆర్కెస్ట్రాలో బసూన్ అనే ఊదే వాయిద్యం వాయించేవాడు ఈ ఏడాది చదువు ముగించి వెళ్లిపోతున్నాడనుకోండి, బసూన్ వాయించే పిల్ల వస్తే "అబ్బ, ఏం లోతు!" నిరుడే ఇద్దరు చేరి ఉంటే అదే పిల్ల "ఒక్కటే తెలుసు, పాపం." ఖాళీ ఎక్కడుందో మీకు తెలుసు. పదిహేడేళ్ల పిల్లకు తెలియదు. కానీ కాదన్న రోజున తనలోనే ఏదో లోపం ఉందని తెల్లార్లూ టెన్షన్ పడేది అదే. నీకేం, ఒక పేరా ఉత్తరం పడేసి చేతులు దులుపుకుంటావు. "ప్రతిభ గలవారు ఎందరో దరఖాస్తు చేశారు" అంటావు. ఆ ఒక్క ముక్క నిజం చెప్పడానికేం? "మాకు ఈసారి వయోలా అక్కర్లేదు" అంటే పిల్ల హాయిగా పడుకునేది కదయ్యా!

నీ పుట్టుక మాత్రం తెలియదా? 1922లో హార్వర్డ్ అధ్యక్షుడు లోవెల్‌కి యూదు పిల్లలు మరీ ఎక్కువయ్యారనిపించింది. బాహాటంగా కోటా పెడతానంటే గొడవైంది. కొన్నాళ్లకి "క్యారెక్టర్" చూసే పద్ధతి వచ్చింది, వాళ్ల సంఖ్య తగ్గింది. ఆసియా పిల్లలకు అన్యాయం జరుగుతోందని అదే హార్వర్డ్ మీద వేసిన కేసులో 2019 తీర్పు చూడు. వాళ్లకు "పర్సనల్ రేటింగ్", అంటే స్వభావానికి వేసే మార్కు, సగటున తక్కువ పడిందని జడ్జి ఒప్పుకున్నారు, కావాలని చేసిన వివక్ష మాత్రం కాదన్నారు. 2023లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది, అయినా నువ్వు చెక్కుచెదరలేదు. ఆటల పేరుతో సీటు కోసం ఆటగాళ్ల ఒంటికి డబ్బున్నవాళ్ల పిల్లల తలలు అతికించిన ఫోటోలు పంపితే మాత్రం నీ సమగ్ర దృష్టికి ఆనలేదు, ఎఫ్‌బీఐ వచ్చి చూపించాల్సి వచ్చింది.

సరే, మళ్లీ మర్యాదగానే అడుగుతున్నాను. మా చిన్నాడు ఏడో క్లాసు. చెస్, బాస్కెట్‌బాల్, పెరట్లో పురుగులు పట్టి సీసాలో పెట్టడం, మూడూ ఇష్టమే వాడికి. ఏవి మానిపించాలో ఇప్పుడే సెలవివ్వండి. వాడు కాలేజీలో చేరే ఏడాదికి మీ ఆర్కెస్ట్రాలో ఏ కుర్చీ ఖాళీ అవుతుందో కూడా ముందే చెబితే, ఆ వాయిద్యమే కొనిస్తాం.

ఇట్లు,
వెయిట్‌లిస్టులో ఉన్న ఒక తండ్రి